జీతానికి పాడిన గొంతులు

1960 అక్టోబరులో అమెరికాలో నంబర్ వన్ పాట 'సేవ్ ద లాస్ట్ డాన్స్ ఫర్ మీ'. రికార్డు మీద ఉన్న పేరు ద డ్రిఫ్టర్స్, అదొక నల్లజాతి గాయకుల బృందం. పాడింది బెన్ ఈ కింగ్. ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక వేసే హిట్ పాటల పట్టికలో పైకి ఎక్కేసరికి కింగ్ ఆ బృందంలోనే లేడు, డబ్బు పెంచమని అడిగి, పెంచరని తేలాక బయటికొచ్చేశాడు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, బృందంలో ఉన్న రోజుల్లో కూడా అతను టీవీలో పెద్దగా కనపడలేదు. అతను రికార్డు చేసిన పాటలకి తెర మీద పెదాలు కదిపింది ఎక్కువగా చార్లీ థామస్ అనే ఇంకో సభ్యుడు. అంటే దేశమంతా వింటున్న గొంతు ఒకరిది, చూస్తున్న మొహం ఇంకొకరిది, పేరు మాత్రం ఇద్దరిలో ఎవరిదీ కాదు, ఆ పేరుకి ఒక ఓనరు వేరే ఉన్నాడు.

డ్రిఫ్టర్స్ గురించి ఎక్కడ చదివినా ఒక మెచ్చుకోలు తగులుతుంది. మనుషులు మారుతూనే ఉన్నా పాట నాణ్యత తగ్గలేదు, ఎందుకంటే వెనక ఒక గట్టి పేరూ, ఆ పేరుని కాపాడుకున్న తెలివైన మేనేజరూ ఉన్నారు అని. ఆ పేరు కింద పాడినవాళ్ళు అరవై మంది దాకా ఉంటారని కూడా గొప్పగా చెబుతారు. నాకీ వాదన అస్సలు మింగుడు పడదు. ఒక కంపెనీలో అరవై మంది చేరి వెళ్ళిపోయారంటే అక్కడ ఉద్యోగం ఎలా ఉందో ఎవరైనా ఊహించగలరు, పాటల బృందం దగ్గరికి వచ్చేసరికి అదే సంగతి మనకి గొప్పగా ఎందుకు కనపడుతుందో! పాటలు బాగున్నాయి, కొన్నయితే మహా బాగున్నాయి. కానీ ఆ పేరుకి విలువ తెచ్చింది గొంతులు. ఆ గొంతులు ఎవరివో జనానికి తెలియకపోవడం వల్లే పేరు అంత బలంగా కనపడింది అంటాను నేను.

దీనికి సాక్ష్యం బృందం పుట్టుకలోనే ఉంది.

క్లైడ్ మెక్‌ఫాటర్ నార్త్ కరోలినాలోని డర్హామ్‌లో పుట్టాడు, చర్చి పాటలతో పెరిగాడు. 1950లో బిల్లీ వార్డ్ నడిపే డామినోస్ బృందంలో చేరాడు. పైస్థాయిలో సన్నగా, వణుకుతూ, ఏడుపుకీ కేరింతకీ మధ్య ఎక్కడో తిరిగే ఆ గొంతు వల్లే డామినోస్ రికార్డులు అమ్ముడయ్యాయి, కానీ బోర్డు మీద పేరు బిల్లీ వార్డ్‌ది. కొన్నిసార్లు క్లైడ్‌ని 'క్లైడ్ వార్డ్' అని, బిల్లీకి తమ్ముడని కూడా పరిచయం చేసేవాళ్ళు. వారానికి 100 డాలర్ల జీతం, అందులోంచి పన్నులూ తిండీ బస ఖర్చులూ కోత. రేడియోలో తన పాట మోగుతుంటే, ఇది పాడింది నేనే అని చెప్పినా నమ్మే నాథుడు లేని పరిస్థితి. 1953లో అక్కణ్ణించి బయటపడ్డాడు. అట్లాంటిక్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ స్థాపకుల్లో ఒకడైన అహ్మెత్ ఎర్టెగన్ న్యూయార్క్‌లోని బర్డ్‌ల్యాండ్ క్లబ్బుకి డామినోస్‌ని వినడానికి వెళ్ళి, స్టేజీ మీద క్లైడ్ లేడని గమనించి, ఆరా తీసి, హార్లెమ్‌లో అతను అద్దెకుంటున్న గది వెతుక్కుంటూ వెళ్ళి మరీ ఒప్పందం చేసుకున్నాడు. అలా పుట్టింది డ్రిఫ్టర్స్.

ఒకసారి దెబ్బ తిన్నవాడు కాబట్టి క్లైడ్ ఈసారి జాగ్రత్తపడ్డాడు. కొత్త బృందం పేరులో తనకీ వాటా ఉండాలన్నాడు, రికార్డు మీద తన పేరూ ఉండాలన్నాడు. మొదటి రికార్డుల మీద చూడండి, డ్రిఫ్టర్స్ పక్కన క్లైడ్ మెక్‌ఫాటర్ అని ఉంటుంది. జెస్సీ స్టోన్ రాసిన 'మనీ హనీ' 1953లో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 11 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మరుసటి ఏడాది 'హనీ లవ్'. అదే ఏడాది 'వైట్ క్రిస్మస్', దాంట్లో బృందంలోని బిల్ పింక్నీ కింది స్థాయి గొంతుతో మొదలుపెడితే మధ్యలో క్లైడ్ పైనుంచి వచ్చి పడతాడు. ఆ ఏర్పాటునే ఎల్విస్ ప్రెస్లీ 1957లో దాదాపు యథాతథంగా తీసుకున్నాడు, అంతకు ముందే 'మనీ హనీ' కూడా పాడాడు.

తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ చిరాకు వేస్తుంది. 1954లో క్లైడ్‌కి సైన్యం నుంచి పిలుపొచ్చింది. సొంతంగా పాడాలన్న ఆలోచన కూడా ఉంది కాబట్టి, బృందం పేరులో తన వాటాని మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్‌కి అమ్మేశాడు. ట్రెడ్‌వెల్ ఒకప్పుడు ట్రంపెట్ వాయించినవాడు, జాజ్ గాయని సారా వాన్‌కి భర్తగా, మేనేజర్‌గా ఉండి ఆమె కెరీర్‌ని నడిపినవాడు, వ్యాపారం బాగా తెలిసినవాడు. క్లైడ్ తన వాటాని తోటి గాయకులకి ఇచ్చి ఉంటే, పోనీ వాళ్ళకే అమ్మి ఉంటే, ఈ కథంతా వేరేలా ఉండేది. బిల్లీ వార్డ్ దగ్గర తను పడ్డ పాట్లన్నీ వెనక మిగిలినవాళ్ళ నెత్తిన పెట్టి వెళ్ళాడన్నమాట. తర్వాత్తర్వాత క్లైడ్ ఆ అమ్మకానికి బాధపడ్డాడు. కానీ అప్పటికి అతని వయసు ఇరవై రెండు కూడా సరిగ్గా లేదు, యూనిఫారం వేసుకోబోతున్న కుర్రాడు పదేళ్ళ తర్వాత ట్రేడ్‌మార్క్ ఏమవుతుందో ఆలోచిస్తాడని నేను అనుకోను. తప్పు అతనిదే, కాకపోతే తిట్టడానికి మనసొప్పదు.

అక్కణ్ణించి గాయకులంతా జీతగాళ్ళు. పాట హిట్టయినా అదే జీతం, ఫట్టయినా అదే జీతం. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన బిల్ పింక్నీ 1956లో ఇంకొంచెం డబ్బు అడిగాడు, ఉద్యోగం ఊడింది. 1955లో వచ్చిన జానీ మూర్ 'అడోరబుల్', 'రూబీ బేబీ' లాంటి పాటలతో నిలబెట్టాడు, 1957లో అతన్నీ సైన్యం తీసుకెళ్ళింది. ఆపైన బాబీ హెండ్రిక్స్. రికార్డుల మీద ఇప్పుడు ఒక్కటే పేరు, ద డ్రిఫ్టర్స్.

1958లో హార్లెమ్‌లోని అపోలో థియేటర్ దగ్గర గొడవ జరిగింది. ఆ గొడవ సాకుతో ట్రెడ్‌వెల్ మొత్తం బృందాన్ని ఒకేసారి తీసేశాడు. కానీ అపోలోకి ఏటా డ్రిఫ్టర్స్‌ని తీసుకొస్తానని రాసిచ్చిన కాంట్రాక్టు ఇంకా ఏళ్ళ తరబడి మిగిలుంది. మనుషులు లేరు, కాంట్రాక్టు ఉంది. ఏం చేశాడు? అదే థియేటర్లో పాడుతున్న ఫైవ్ క్రౌన్స్ అనే కుర్రాళ్ళ బృందాన్ని పట్టుకొచ్చి, ఇకనుంచి మీరే డ్రిఫ్టర్స్ అన్నాడు. తండ్రి నడిపే చిన్న హోటల్లో పనిచేస్తూ పాటలు పాడుకునే బెంజమిన్ నెల్సన్ అనే అబ్బాయి వాళ్ళలో ఒకడు, తర్వాత బెన్ ఈ కింగ్ అయ్యాడు. చార్లీ థామస్, డాక్ గ్రీన్, ఎల్స్‌బెరీ హాబ్స్ కూడా ఆ గుంపులోనివాళ్ళే. నెలల తరబడి ఊళ్ళు తిప్పారు. వెళ్ళిన ప్రతి చోటా జనం పాత డ్రిఫ్టర్స్‌ని ఊహించుకుని వచ్చి, ఈ కొత్త మొహాలు చూసి గోల చేసేవాళ్ళు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పేరు చాలు, మనుషులెవరైనా ఒకటే అనే సిద్ధాంతానికి మొదటి పరీక్ష అక్కడే జరిగింది, జనం ఒప్పుకోలేదు.

గోల ఆగింది 1959లో, 'దేర్ గోజ్ మై బేబీ' వచ్చాక. మార్చిలో రికార్డు చేశారు, నిర్మాతలు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్. థామస్ పాడాల్సింది, మైకు ముందు బిగుసుకుపోయేసరికి, పాట కట్టినవాడు నువ్వే కదా నువ్వే పాడు అని నెల్సన్‌ని నిలబెట్టారు. వెనక వయొలిన్లు, శ్రుతి సరిగ్గా కుదరని టింపానీ డ్రమ్ము, బ్రెజిల్ బయావో తాళం. అట్లాంటిక్ పెద్దల్లో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్‌కి ఇది అస్సలు నచ్చలేదు, రేడియో ముల్లు రెండు స్టేషన్ల మధ్య ఇరుక్కున్నట్టుందన్నాడు. నిజానికి ఆయన అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది, ఇప్పుడు విన్నా ఆ వయొలిన్లు ఒక దారిన, గాయకుడు ఒక దారిన పోతున్నట్టే ఉంటుంది, ఆ పాటలోని దిక్కుతోచని దిగులంతా ఆ తేడాలోంచే వస్తుంది. పాప్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది, సోల్ సంగీతంలోకి వయొలిన్లు వచ్చింది ఈ దారినే అని చాలామంది అంటారు. ఇంతకీ ఆ పాట రచయితలుగా అచ్చయిన పేర్లు చూడండి. బెంజమిన్ నెల్సన్, ఫైవ్ క్రౌన్స్ పాత మేనేజర్ లవర్ ప్యాటర్సన్, జార్జ్ ట్రెడ్‌వెల్. పాట రాయడంలో ట్రెడ్‌వెల్ చెయ్యి ఎంత ఉందో మీరే ఊహించుకోండి, ఆ రోజుల్లో మేనేజర్లూ కంపెనీ వాళ్ళూ ఇలా పేరు దూర్చడం మామూలే. గాయకుల పేర్లు లేబుల్ మీద పడవు గానీ మేనేజర్ పేరు బ్రాకెట్లలో పడుతుంది!

ఇక్కడ నాతో వాదించేవాళ్ళు ఒక మాట అంటారు, అది కొట్టిపారేయదగ్గది కాదు. ఆ అపోలో కాంట్రాక్టు లేకపోతే, ఆ పేరు లేకపోతే, ఫైవ్ క్రౌన్స్ అనామకంగానే మిగిలిపోయేవాళ్ళు కదా, కింగ్‌కి అట్లాంటిక్ స్టూడియో గడప తొక్కే అవకాశం ఎవరిచ్చారు, ట్రెడ్‌వెల్ కాదా అని. కొంతవరకు ఒప్పుకుంటాను, తలుపు తీసింది అతనే. కానీ లోపల జరిగిన పని వేరేవాళ్ళది. లీబర్, స్టోలర్‌లని పెట్టింది అట్లాంటిక్. డాక్ పోమస్, మార్ట్ షూమన్, జెర్రీ గాఫిన్, కరోల్ కింగ్ లాంటి పాటల రచయితలు ఈ బృందం కోసం తమ మంచి పాటలు తెచ్చిచ్చారు. 'సేవ్ ద లాస్ట్ డాన్స్ ఫర్ మీ' సంగతే తీసుకోండి. పోలియో వల్ల చంకకర్రల మీద నడిచే పోమస్, తన పెళ్ళిలో భార్య వేరేవాళ్ళతో నాట్యం చేస్తుంటే కూర్చుని చూసిన జ్ఞాపకంలోంచి ఆ మాటలు రాశాడు. నువ్వు ఎవరితో ఆడినా సరే, ఆఖరి ఆట నాకు ఉంచు అని. ఆ మాటల్లో అసూయ ఉంది, పెద్దమనసు ఉంది, రెండూ వినపడేలా పాడాలి, ఏ ఒక్కటి ఎక్కువైనా పాట చెడిపోతుంది. ఆ పని చేసింది కింగ్ గొంతు. పోస్టర్ మీద అచ్చేసిన పేరు ఆ పని చెయ్యలేదు.

ఆ కింగ్ బయటికెళ్ళి ఏం చేశాడు? 'స్పానిష్ హార్లెమ్', 1961లో 'స్టాండ్ బై మీ'. ఈ రెండోది అసలు డ్రిఫ్టర్స్ కోసమే అనుకున్నాడట, వాళ్ళ వైపు నుంచి వద్దన్నారు. పాతికేళ్ళ తర్వాత ఒక సినిమా పుణ్యమా అని అది మళ్ళీ లేచి 1987లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. సొంత పేరు లేబుల్ మీద ఉంది కాబట్టి 2015లో చనిపోయేదాకా అతను బెన్ ఈ కింగ్‌గా బతికాడు. క్లైడ్‌కీ మొదటి రికార్డుల మీద పేరుంది కాబట్టే సైన్యం నుంచి వచ్చాక 'ఎ లవర్స్ క్వశ్చన్' లాంటి హిట్లు పడ్డాయి. ఆ తర్వాత తాగుడు అతన్ని తినేసింది, 1972లో 39 ఏళ్ళకే పోయాడు, అది వేరే విషాదం. పేర్లు అచ్చవని మిగతావాళ్ళకి ఆ పాటి అవకాశం కూడా దొరకలేదు.

పేరు అచ్చవడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే అమెరికా రేడియో లెక్క తెలియాలి. అక్కడ మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బు వస్తుంది, పాడినవాళ్ళకి పైసా రాదు, ఇప్పటికీ అంతే. డిజిటల్ ప్రసారాలకి గాయకులకి ఇవ్వాలన్న చట్టం 1995లో గానీ రాలేదు. ఇక రికార్డు అమ్మకాల రాయల్టీ సంగతి, స్టూడియో ఖర్చులన్నీ గాయకుల ఖాతాలో అప్పుగా రాసి, అప్పు తీరలేదు అనేవి కంపెనీలు. దీని మీద అట్లాంటిక్‌తో గాయని రూత్ బ్రౌన్ ఏళ్ళ తరబడి పోరాడితే 1988లో గానీ పాత గాయకుల లెక్కలు తిరగరాయలేదు. కాబట్టి గాయకుడికి మిగిలేది స్టేజీ. స్టేజీ మీద పాడాలంటే పోస్టర్ మీద ఒక పేరుండాలి. ఆ పేరు ట్రెడ్‌వెల్ జేబులో ఉంది. నువ్వు పాడిన పాట దేశమంతా మోగుతున్నా, నువ్వు బయటికెళ్ళి ఊరూరా పాడుకుందామంటే, అది పాడింది నేనే అని పోస్టర్ మీద వేసుకునే దారి లేదు. మన ఆకాశవాణిలో పాట వేసే ముందు రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చెప్పే అలవాటు వింటూ పెరిగినవాడికి ఈ మౌనం మరీ వింతగా అనిపిస్తుంది. మనవాళ్ళు గాయకులకి ధారాళంగా డబ్బులిచ్చారని కాదు, కనీసం పేరు చెప్పారు.

అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది రూడీ లూయిస్‌కి. కింగ్ పోయాక 1960లో వచ్చాడు, అంతకు ముందు క్లారా వార్డ్ భక్తి బృందంలో పాడేవాడు. నన్నడిగితే డ్రిఫ్టర్స్ గాయకుల్లో మొదటి స్థానం ఇతనిదే, కింగ్ అభిమానులు కొట్టినా సరే ఈ మాట వెనక్కి తీసుకోను. 1962లో 'అప్ ఆన్ ద రూఫ్', 1963లో 'ఆన్ బ్రాడ్‌వే', రెండూ మొదటి పదిలోకి వెళ్ళాయి. మొదటిది, ఊరి రొదా జనం తోపులాటా భరించలేక డాబా మీదికెక్కి ఊపిరి పీల్చుకునేవాడి పాట. ఆ పాటని ఎంతోమంది పాడారు, రాసిన కరోల్ కింగ్ స్వయంగా పాడింది, బాగానే పాడింది, కానీ లూయిస్ పాడినప్పుడు ఆ మెట్లెక్కుతున్న మనిషి కాళ్ళలో రోజంతా చేసిన చాకిరీ బరువు తెలుస్తుంది. రెండోదాంట్లో చేతిలో చిల్లర తప్ప ఏమీ లేనివాడు పెద్ద వీధి దీపాల కింద నిలబడి, నేనూ పైకొస్తాను చూడండి అంటాడు. గిటారు వాయించింది పేరుమోసిన నిర్మాత ఫిల్ స్పెక్టర్, ఆ ముక్క అందరికీ తెలుసు, చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. పాడినవాడి పేరు అడగండి, పాత పాటలు బాగా వినేవాళ్ళు కూడా ఆగిపోతారు.

1964 మే 20న లూయిస్ చనిపోయాడు, వయసు 27. మర్నాడు రికార్డింగు ఉంది. వాయిదా వెయ్యలేదు. సైన్యం నుంచి తిరిగొచ్చి మళ్ళీ బృందంలో చేరిన జానీ మూర్ అతని స్థానంలో నిలబడి పాడాడు. ఆ పాట 'అండర్ ద బోర్డ్‌వాక్', సముద్రపు ఒడ్డున చెక్క బాట కింద నీడలో ప్రేమికులు. నాలుగో స్థానం దాకా వెళ్ళింది, ఈ రోజుకీ ఎండాకాలం వస్తే అమెరికాలో మోగే పాట. ఆ రికార్డు రెండో వైపు చార్లీ థామస్ పాడిన పాట పేరు 'ఐ డోంట్ వాంట్ టు గో ఆన్ వితౌట్ యూ'. ఎండాకాలపు హుషారు పాటలో ఆ దిగులు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగేవాళ్ళకి జవాబు ఆ తారీకులోనే ఉంది. మామూలు శ్రోతకి గాయకుడు మారాడని కూడా తెలియలేదు. వ్యాపారం లెక్కలో ఇది విజయమే, ఒక మనిషి చచ్చిపోయినా సరుకు ఆగలేదు. నాకైతే ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఈ కథలో ఇంకోటి కనపడదు.

తర్వాతి భాగం త్వరగా చెప్పేస్తాను, పాటల పరంగా అందులో పెద్ద సరుకు లేదు. 1967లో ట్రెడ్‌వెల్ పోయాడు, పేరు భార్య ఫేయ్ చేతికొచ్చింది. 1970లలో ఆమె మూర్‌తో సహా దుకాణాన్ని ఇంగ్లండ్‌కి మార్చింది, అక్కడ తేలికపాటి పాప్ పాటలతో మళ్ళీ హిట్లు కొట్టారు, 1974లో ఒకటి రెండో స్థానానికి కూడా వెళ్ళింది. మూర్ 1998లో లండన్‌లోనే కన్నుమూశాడు. ఇటు అమెరికాలో పింక్నీ 'ఒరిజినల్ డ్రిఫ్టర్స్' అని పెట్టుకుని ఊరూరా తిరిగాడు. థామస్, గ్రీన్, హాబ్స్‌లతో ఇంకో ప్రమోటర్ ఇంకో డ్రిఫ్టర్స్‌ని నడిపి, ఆ పేరుని తన వైపు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకున్నాడు. ఫేయ్ కోర్టుకెక్కింది. ఆ రిజిస్ట్రేషన్ మోసంతో తెచ్చుకున్నదని తేలి రద్దయింది, 2001లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది.

ఆ తీర్పులో ఒక పాయింటు నన్ను వదలదు. ఫేయ్ ఇంగ్లండ్ వెళ్ళిపోయి అమెరికాలో ఆ పేరుని గాలికొదిలేసింది కదా, ఇంకా హక్కెక్కడిది అని అవతలి పక్షం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. పాత రికార్డులు ఇంకా మోగుతున్నాయి, వాటి మీద రాబడి వస్తోంది, కాబట్టి పేరు వాడుకలో ఉన్నట్టే అంది. చట్టం ప్రకారం సరైనదే అయ్యుండొచ్చు. కానీ ఆ రికార్డుల్లో మోగుతున్నది ఎవరు? క్లైడ్, కింగ్, లూయిస్, మూర్, థామస్. మేనేజర్ కుటుంబం హక్కుని ఇన్నేళ్ళు బతికించి ఉంచింది, ఆ పేరు మీద ఏ హక్కూ లేని వాళ్ళ గొంతులే. పేరు గొప్పా గొంతు గొప్పా అన్న వాదనకి ఇంతకంటే సాక్ష్యం నాకక్కర్లేదు.

2005 తర్వాత అమెరికాలో రాష్ట్రం వెంట రాష్ట్రం ఒక చట్టం తెచ్చాయి, అసలు సభ్యులెవరూ లేని గుంపులు పాత బృందాల పేర్లతో టికెట్లు అమ్మకూడదని. పాత గాయకులు తిరిగి తిరిగి తెప్పించుకున్న చట్టం, మంచిదే. కానీ దాంట్లో ఒక మినహాయింపు ఉంది, ట్రేడ్‌మార్క్ రిజిస్టరై ఉన్న యజమానికి ఈ నియమం వర్తించదు. దొంగ డ్రిఫ్టర్స్‌ని ఆపుతుంది, ట్రెడ్‌వెల్ లాంటి అసలు ఓనర్ని ఏమీ అనదు. పింక్నీని డబ్బడిగినందుకు తీసేసిన 1956లో ఈ చట్టం ఉన్నా అతనికి ఒరిగేది ఏమీ లేదు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1988లో డ్రిఫ్టర్స్‌ని చేర్చుకున్నప్పుడు ఏడుగురి పేర్లు రాసింది, లూయిస్ పేరు కూడా ఉంది. అది నాకు నచ్చింది. పాటల యాప్‌లకి మాత్రం ఈ బుద్ధి రాలేదు, అన్నిటికీ ద డ్రిఫ్టర్స్ అనే వేసి ఊరుకుంటాయి. ఇప్పుడు మీరు వెతికి వినబోతే ఒక జాగ్రత్త. ఆ పేరు కింద తర్వాతి రోజుల్లో తిరిగి రికార్డు చేసిన నకళ్ళు చాలా ఉన్నాయి, బొమ్మ పాతదే ఉంటుంది, గొంతు వేరే ఉంటుంది, కాబట్టి అట్లాంటిక్ వాళ్ళవేనా అని చూసుకోండి. 'మనీ హనీ' క్లైడ్‌ది. 'స్టీమ్‌బోట్' పింక్నీ పాడాడు, ఆయన బేస్ గొంతు ముందుకొచ్చిన కొద్ది పాటల్లో ఒకటి. 'యువర్ ప్రామిస్ టు బి మైన్' గెర్‌హార్ట్ థ్రాషర్. 'ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' జానీ మూర్, 'డ్రిప్ డ్రాప్' బాబీ హెండ్రిక్స్, 'దిస్ మ్యాజిక్ మూమెంట్' కింగ్. 'స్వీట్స్ ఫర్ మై స్వీట్' చార్లీ థామస్, ఈసారి పెదాలూ గొంతూ రెండూ అతనివే. రూడీ లూయిస్‌వి రెండు పైన చెప్పాను, మూడోది 'ప్లీజ్ స్టే', ముందు అది వినండి.